దుంప తవ్వే మర్యాద

సన్నేకి డాక్టర్ల మీద నమ్మకం లేదంటే అబద్ధం. నమ్మకం ఉంది, కాకపోతే కళ్ళతో చూసినంత మేరకే. తమ ఊరు ఆవపల్లిలో ఎవరికి పొట్ట ఆపరేషనైనా జానెడు కుట్టు మిగులుతుంది. ఆ కుట్టు చూపించి ఏడాదిపాటు కబుర్లు చెప్పుకుంటారు. తన కోడలు పొజ్జే పొట్టమీద మాత్రం వేలెడు పట్టీలు నాలుగున్నాయి, అంతే. జగదల్‌పూర్ ఆసుపత్రిలో మంచం చుట్టూ తిరిగి వాటిని పరీక్షగా చూసి, వీళ్ళు పిల్లని లోపలికి తీసుకెళ్ళి కాసేపు నిద్రపుచ్చి పంపించేశారని తేల్చేసింది.

"బత్తాయంత గడ్డ అన్నరు గదా. చీమ కలుగులకెల్లి ఎట్ల బయటికొచ్చింది?" అని కొడుకు అప్పయ్యని నిలదీసింది. అప్పయ్యకి తెలిస్తే గదా చెప్పడానికి. డాక్టరమ్మనే అడుగుదామని తప్పించుకున్నాడు.

ఆ గడ్డ వాళ్ళింట్లో చేసిన ఆగడం తక్కువేం కాదు. గర్భసంచి గోడలో పెరిగి నెలలో సగం రోజులు పొజ్జేకి రక్తం పోయేలా చేసింది. ఎవరి కన్నో పడిందని కోడిని కోశారు. కోడి పోయింది గానీ రక్తం ఆగలేదు. వాళ్ళ తెగలో ముట్టు రోజుల్లో ఉన్న ఆడమనిషి విత్తనం తాకకూడదు. వానలకు ముందు వచ్చే విత్తనాల పండుగనాడు వడ్లబుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళాల్సింది ఇంటి కోడలు. బుట్ట కోడలికి అప్పజెప్పి తీరిగ్గా కూర్చోవాలని సన్నే ఎదురుచూస్తుంటే, ఏటా పండుగవేళకి పొజ్జే గడప బయటే ఉండేది. ముసలి మోకాళ్ళు మూలుగుతున్నా సన్నేయే మోసింది.

ఒక ఏడు బుట్ట ఒరిగిపోతుంటే పొజ్జే గభాల్న పట్టుకోబోయింది. సన్నే ఆ చెయ్యి చరిచి తోసేసింది. వడ్లు నేలపాలయ్యాయి. పొజ్జే చెయ్యి కొంగు కింద దాచుకుని నిలబడిపోయింది. ఆచారం ఆచారమేనని సన్నే అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది గానీ, ఆ దాచుకున్న చెయ్యి ఆమెకి మరుపు రాలేదు. ఈ ఏడు బుట్ట కోడలి నెత్తిన చూసి తీరాలని పంతం పట్టి, బస్సెక్కితే కడుపులో తిప్పుతుందని తెలిసీ కూడా జగదల్‌పూర్ దాకా వచ్చింది.

సాయంత్రం ఆపరేషన్ చేసిన డాక్టర్ గ్రేసీ వచ్చింది. వాళ్ళ నాన్న కిరందుల్ లైన్లో రైలు నడిపినాయన, సొంతూరు విజయనగరం వైపు. ఆమె తెలుగు సన్నేకి అర్థమవుతుంది గానీ, పాటలా సాగుతుంటే నవ్వొస్తుంది. ముసలమ్మ అనుమానం విని గ్రేసీ కోపగించుకోలేదు. మంచం మీద కూర్చుని ఫోన్లో ఆపరేషన్ వీడియో పెట్టింది. బొడ్డు దగ్గరి చిల్లులోంచి కెమెరా దూర్చామని, మిగతా చిల్లుల్లోంచి పొడుగాటి పనిముట్లు పంపామని చెప్పింది. తెల్లటి గడ్డని చుట్టూ ఒలుచుకుంటూ గోడలోంచి ఊడదీయడం, ఆ గుంటని లోపలే కుట్టెయ్యడం, తర్వాత గడ్డని సంచిలో వేసి తునకలు చేసి బయటికి లాగడం సన్నే రెప్పవెయ్యకుండా చూసింది. ఆ కుట్టు ఆమెకి నచ్చింది. అడ్డాకు విస్తరి కుట్టినంత ఒద్దికగా ఉంది.

అప్పటికి సంతోషంగానే పడుకుంది. తెల్లారేసరికి మొహం వేలాడేసింది. ఇడ్లీ ముట్టలేదు. పొజ్జే లేచి నాలుగడుగులు నడిస్తే అప్పయ్య సంబరపడ్డాడు, సన్నే మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎందుకని అడిగితే మళ్ళీ బస్సు ఛార్జీలు సిద్ధం చేసుకొమ్మంది. ఇంటికి పంపించే రోజు గ్రేసీ మందులు ఎలా వాడాలో చెబుతుంటే ఇక ఆగలేక కడుపులో మాట కక్కేసింది.

"డాక్టరమ్మా, నీ చేతిపని చూసిన. నువ్వు మర్యాద తెలిసిన మనిషివి. అదే నా భయం. అడవిల దుంప తవ్వినప్పుడు మేం మొత్తం తీయం. తల తుంచి గుంటలనే పెట్టి మన్ను కప్పుతం, మళ్ళా ఊరాలని. తల తీసుకపోయినోణ్ణి మనిషి అనరు. నువ్వు గూడ గుంట పూడ్చి కుట్టినవు. లోపట తల వదిలినవా?"

గ్రేసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పొజ్జే కూడా నవ్వబోయి, పొట్ట పట్టుకుని, నవ్వించొద్దని అత్తని బతిమాలింది.

"మీ అడవికొస్తే తల వదిలీస్తానమ్మా, ఒట్టు. ఇక్కడ మాత్రం ఏటీ ఉంచలేదు, మొత్తం తీసీసేను" అంది గ్రేసీ. అయితే కొందరికి కొత్తవి మొలుస్తాయనీ, అప్పుడప్పుడూ వచ్చి స్కానింగ్ చేయించుకోవాలనీ దాపరికం లేకుండా చెప్పింది. సన్నేకి ప్రాణం లేచొచ్చింది. ఆ పూట వద్దన్న ఇడ్లీ చల్లారినా అడిగి మరీ తింది. అంతలోనే ఇంకో మాట వినబడింది. కుట్లు లోపల గట్టిపడేదాకా పొజ్జే బరువులెత్తకూడదట, నీళ్ళబిందె కూడా. పండుగ చూస్తే దగ్గర్లోనే ఉంది. దారి పొడుగునా సన్నే బస్సుని తిట్టింది, రోడ్డుని తిట్టింది, డాక్టరమ్మని మాత్రం ఏమీ అనలేకపోయింది.

పండుగ వచ్చింది. పొజ్జే రక్తం ఎప్పుడో ఆగింది, మొహంలోకి కళ తిరిగింది. తలంటుకుని, కొత్త చీర కట్టుకుని గడప లోపలే నిలబడింది. వడ్లబుట్ట వంక చూసి, మోయలేను గదా అత్తా అని మెల్లగా అంది. అలవాటైన చెయ్యి దానంతటదే కొంగు కిందికి పోయింది.

సన్నే మోకాళ్ళని ఒక తిట్టు తిట్టి బుట్ట తన నెత్తికే ఎత్తించుకుంది. కోడల్ని ముందు నడవమంది. ఊరంతా చేరినచోట ఆగి, బుట్ట దింపించి, అందరూ చూస్తుండగా పొజ్జే చేతిని కొంగు కిందినుంచి తనే బయటికి లాగింది.

"బుట్ట మొయ్యొద్దన్నది డాక్టరమ్మ. మోసేటందుకు నేనున్న" అంది. "విత్తనం నీదే. చెయ్యి పెట్టు బిడ్డా."

పొజ్జే మోచేతి దాకా వడ్లలో పెట్టేసింది, చాలాసేపటివరకు తియ్యలేదు. సన్నే ఆమెని తొందరపెట్టలేదు.