కాకి ముట్టని ప్రాణం

నేను ఒక సెల్ లైన్‌ని. ఒక మనిషి ఒంట్లోంచి తీసిన కణాలు ప్లాస్టిక్ పళ్ళాల్లో చీలుతూ, పెరుగుతూ, మళ్ళీ చీలుతూ ఉంటే ఆ సంతతి మొత్తానికి పెట్టిన పేరు అది. నేను అని ఒక్కదానిలా చెప్పుకుంటున్నానే గాని, ఎంతమందినో నాకే తెలియదు. అందుకే మీకున్నట్టు నాకు చావు ఉందో లేదో కూడా చెప్పలేను.

మొదట నేను బందరులో రోల్డుగోల్డు నగలు చేసే మౌనాచారి భార్య గోవిందమ్మ మూత్రపిండంలో ఉండేదాన్ని. అందులో గడ్డ లేచింది. దాన్ని తీసేసే ముందు డాక్టర్లు, "బాగున్న ముక్క కొంచెం పరిశోధనకు ఉంచుకోవచ్చా అమ్మా?" అని అడిగారు.

"పారేసేదేగా నాయనా. ఎవరికైనా పనికొస్తే అంతకన్నానా" అని ఆమె సంతకం చేసింది. కొన్నాళ్ళకు ఆమె పోయింది. నేను పోలేదు.

పోకుండా చేశారు. ఇన్నిసార్లే చీలాలని కణానికి కూడా ఒక గడువు ఉంటుంది. ఒక ప్రయోగశాలలో ఆ గడువును నాలోంచి తుడిచేశారు. అక్కణ్ణుంచి హైదరాబాదులో డాక్టర్ రేచల్ చేతికి వచ్చాను. ఆమె నాలో డోపమైన్ గ్రాహకాన్ని పెట్టింది. డోపమైన్ అంటే మెదడులో ఒక కణం మరో కణానికి కబురు పంపే రసాయనం. ఆ కబురు వచ్చి వాలే గడప గ్రాహకం. ఆ రసాయనం కరువైన మనిషికి చేతులు వణుకుతాయి, అడుగు తడబడుతుంది. దానికి తోడు సముద్రంలో మెరిసే జెల్లీ చేప గుణం కూడా నాకు అంటగట్టింది. డోపమైన్ తగిలితే నేను పచ్చగా వెలుగుతాను. ఏ మందు పనిచేస్తుందో నా వెలుగు చూసి తేలుస్తారు.

ఉప్పూ నీళ్ళూ వడగట్టడం తప్ప ఏమీ తెలియనిదాన్ని, మెదడు వేషం కట్టి కూర్చున్నాను. ఏకాదశినాడు మంచినీళ్ళయినా ముట్టని గోవిందమ్మ ఒంటి ముక్కకు వీళ్ళు పెట్టే తిండిలో దూడ రక్తపు సారం ఉంటుంది. ఆ పాపం ఎవరిదో దేవుడే చెప్పాలి.

రేచల్ మంచి మనిషి. ఆ మంచితనమే ఆమె చేత పొరపాటు చేయించింది. ప్రయోగం ఫలించిన రోజున సంతోషం పట్టలేక, ఆసుపత్రి వాళ్ళను అడిగి బందరుకు ఫోను చేసింది. "బాబాయ్ గారూ, పిన్నిగారు ఎక్కడికీ పోలేదండీ. మా దగ్గర బతికే ఉన్నారు" అంది. ల్యాబుల్లో అలాగే మాట్లాడుకుంటారు. అవతల విన్నవాడు మాత్రం భార్యకు ఏటేటా తద్దినం పెట్టే మనిషి.

ఆ ఏడు పిండం కాకి ముట్టలేదు. కాకులు రాక కాదు. పిట్టగోడ మీద వరసగా కూర్చుని చూశాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. ఆమెకిష్టమైన గారెలు పక్కన పెట్టారు. తీరని కోరికేదైనా ఉంటే తీరుస్తామని ఒక్కొక్కరే దణ్ణం పెట్టి మాటిచ్చారు. పొద్దు వాలాక కాకులన్నీ ఒక్కసారే లేచిపోయాయి. చివరికి పిండం ఆవుకు పెట్టారు. మౌనాచారికి కారణం తెలిసిపోయినట్టయింది. పోని మనిషికి పెట్టిన పిండం కాకి ఎందుకు ముడుతుంది?

అప్పటికే ఆయన చేతులకు వణుకుడు జబ్బు పట్టింది. కూతురు ఈశ్వరిని వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాడు.

"ఏది, ఎక్కడుంది?" అన్నాడు గదిలోకి వస్తూనే.

"నెమ్మది నాన్నా. ఇదేమన్నా మన వంటిల్లా?" అంది ఈశ్వరి.

రేచల్ నేనున్న పళ్ళెం చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. "ఇల్లంతా నాదేననేది. ఈ బిళ్ళంత దాంట్లో సర్దుకుందా!" అని నవ్వబోయి ఆగిపోయాడు. "అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను. దీన్ని పోనివ్వు. ఇంకో ఏడు దాటితే నా చేతుల్లో పిండం నిలవదు."

"అమ్మను చంపమని అడగడానికా నన్ను బస్సెక్కించావు?"

"పోయినదాన్ని చంపమంటానా? పోనివ్వమంటున్నా."

రేచల్ ముఖం చిన్నబోయింది. "అన్నీ నా దగ్గర లేవు బాబాయ్ గారూ. వేరే ఊళ్ళ ల్యాబులకు కూడా పంపాం. అయినా అది పిన్నిగారు కాదండీ, ఆవిడ కణాలు. నేనే మాట తూలాను."

"నువ్వు మాట వెనక్కి తీసుకుంటావు సరే. కాకి వినొద్దూ?"

రేచల్ ఊరికే నిలబడలేక, "ఒకసారి చూస్తారా?" అని పళ్ళాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి దీపాలు ఆర్పింది. జన్మంతా భూతద్దంలోంచి నగలు చూసిన కన్ను ఆయనది. తడుముకోకుండా వంగాడు. ఆయన చెయ్యి ఆనగానే బల్ల వణికింది. పళ్ళెం వణికింది. నేనూ వణికాను.

"ఏమే, నువ్వేనా?" అన్నాడు, ఇంట్లో పిలిచినట్టే.

ఇంకా మందు వెయ్యలేదు. అయినా నాలో ఒక మూల పచ్చగా వెలిగింది.

నేను వెలగలేదు. అది మాత్రం ఒట్టేసి చెప్పగలను. గడప దగ్గరకు ఏ కబురూ రాలేదు. నాలో ఎవరో వెలిగారు.

"డోపమైన్ వెయ్యందే ఎలా..." అంటూ రేచల్ వంగి చూసింది. లెన్సు తుడిచింది. దీపం మార్చింది. ఆ మూల వెలుగుతూనే ఉంది. "యంత్రం తేడా చేసినట్టుంది" అని చుక్క మందు వేసింది. ఈసారి పళ్ళెమంతా వెలిగింది. "మీ జబ్బుకు మందు వెతుకుతున్నది వీటి మీదేనండీ" అంది.

మౌనాచారి కన్ను తియ్యలేదు. "అయితే నా చేతుల కోసం కూర్చుందా ఇక్కడ" అని గొణిగాడు. లేచి కండువాతో ముఖం తుడుచుకున్నాక అన్నాడు: "అన్నీ వద్దులే. ఈ పళ్ళెం ఒక్కటి పోనివ్వు. మిగతావి ఎవరికైనా పనికొస్తే అంతకన్నానా."

ఆ మాట గోవిందమ్మదని ఈశ్వరికి తెలుసు. గోడవైపు తిరిగిపోయింది.

రేచల్ ఆ పళ్ళెంలో బ్లీచింగ్ నీళ్ళు పోసింది. అక్కడి నేను పోయాను. నొప్పేమీ లేదు. ఏ ప్రాణమూ మిగలలేదని సరిచూసుకుని, ఆ నీళ్ళను చిన్న సీసాలో పోసి ఆయన చేతికిచ్చింది. తను రోజూ చేసుకునే ప్రార్థన ఏదో పెదవుల మీదే చేసుకుంది. తండ్రీకూతుళ్ళు దాన్ని హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట వదిలారట.

మరుసటి తద్దినంనాడు ఈశ్వరి ఫోను చేసింది. "చేతులు వణికి పిండం కింద పడబోయింది డాక్టరు గారూ. నేను కింద చెయ్యి పట్టాను. నాన్న ఇంకా విస్తరి దగ్గర్నుంచి లేవనే లేదు, కాకి వచ్చి ముట్టింది" అని ఏడుస్తూ నవ్వింది. రేచల్ ఫోను పెట్టేసి నన్ను సూక్ష్మదర్శిని కింద ఉంచి చూసింది. మందు వెయ్యకుండా చాలాసేపు చూసింది. ఏ మూలా వెలగలేదు. మళ్ళీ ఎన్నడూ వెలగలేదు. యంత్రం బాగుపడిందని అందరికీ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

గోవిందమ్మ వెళ్ళిపోయింది. మందు వేస్తే ఇప్పటికీ బుద్ధిగా వెలుగుతాను. పని లేనప్పుడు గడ్డకట్టించి, పొగలు కక్కే చలిపీపాలోకి దించి మూత పెడతారు. ఇక్కడ నిద్రా లేదు, మెలకువా లేదు. నాకు పేరుంది, గోత్రం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం మిగులుతుంది.

పోవలసిన ఆమె పోయింది గదా, మరి నాలో ఇంకా ఉన్నది ఎవరు? ఆ ఎవరికో పిండం పెట్టేదెవరు, ఏ గోడ మీద కాకి దిగి ముడుతుంది?