బేరాలయ్య కొన్న విలన్

బేరాలయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బేరంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో ఆయన కొట్టు గుమ్మాన్ని చూస్తే తెలిసిపోతుంది.

పాత ఫర్నిచర్ కొట్టు అది. ఒకప్పుడు ఆయనదీ తమ్ముడిదీ కలిపి ఒకటే. విడిపోయేటప్పుడు మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టించి, ఏ సగం కావాలో నువ్వే తీసుకో అన్నాడు తమ్ముడు. బేరాలయ్య రెండువైపులా టేపు పెట్టి కొలిచాడు. జానెడు ఎక్కువున్న సగం తీసుకుని, తమ్ముడి అమాయకత్వానికి లోలోపల జాలిపడ్డాడు. వీధి తలుపు రెండో సగంలో ఉండిపోయిందన్న సంగతి మర్నాడు కొట్టు తెరవబోతే గానీ ఆయనకు తట్టలేదు.

ఇక చేసేదేముంది, కిటికీని కోసి గుమ్మం చేయించాడు. పొడుగువాళ్లు లోపలికొస్తూ తల బాదుకుంటారు. తల బాదుకున్నవాడు బేరం దగ్గర కనికరం చూపించడు.

అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. తమ్ముడు దగ్గితే గోడ ఇవతలకి వినపడేది. బేరాలయ్య తిరిగి దగ్గేవాడు, ఒక పాలు గట్టిగానే, ఎక్కడా నష్టపోకుండా. తమ్ముడు విసిగిపోయి ఆ సగం కూడా తనకే అమ్మేసి పోవాలి. ఆయన ఆశ అదొక్కటే.

అలాంటి రోజుల్లో ఒక సూపర్‌హీరో సినిమా సెట్టు విప్పేస్తున్నారని తెలిసి, కుర్చీల కోసం స్టూడియోకి వెళ్లాడు. వాళ్లు కుర్చీలతో పాటు విలన్‌ని కూడా అంటగట్టారు. మనిషి కాదు, యంత్రం. ఆ సినిమా కోసమే, పుట్టించడమే చెడ్డవాడిగా పుట్టించారు. నల్లటి లోహపు ఒళ్లు, ఎర్రటి కళ్లు, భుజాల మీంచి మడమల దాకా జీరాడే అంగీ. నడుస్తుంది, మాట్లాడుతుంది, చెప్పింది వింటుంది. సినిమా ఆడలేదు కాబట్టి దాన్ని ఉంచుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

"రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి," అన్నాడు సెట్టు సామాన్లు చూసే మేస్త్రి. "వీడికి బరువు తెలియదు. ఇక్కడ వీడు విసిరినవన్నీ థర్మోకోల్‌వే. ఇంకోటి, సీను బాగా చేస్తే మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. కొట్టకపోతే బాగాలేదనుకుని మళ్లీ చేస్తాడు."

ధర తగ్గడానికి పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు. బేరాలయ్య చెవిన వేసుకోలేదు.

కొట్టులో దించగానే విలన్ చేతులు పైకెత్తి, మానవజాతి అంతా తన కాళ్ల కింద చీమలని గర్జించింది. తర్వాత కాస్త ముందుకు వంగి, "బాగుందా సార్?" అని అడిగింది.

బేరాలయ్య భార్య టీ గ్లాసు పక్కన పెట్టి ఆ ఆకారాన్ని కిందనుంచి పైదాకా చూసింది. "పనీ పాటా లేదు. వేషం మాత్రం ఘనంగా ఉంది. పైగా మెచ్చుకోమంటోంది. కూతురు లేని కొంపకి అల్లుణ్ణి ఎక్కడ పట్టుకొచ్చారండీ?"

ఆ దెబ్బతో వీధి వీధంతటికీ విలన్ అల్లుడుగారైపోయాడు.

అల్లుడుగారిలో కల్మషం వెతికినా దొరికేది కాదు. తను అరిస్తే, పగలగొడితే జనం సంతోషిస్తారని ఆయనకు నేర్పారు, ఆయన నేర్చుకున్నారు. చెడ్డపని అంటే పరోపకారమే అనుకునేవారు. హీరో ఇంకా రాలేదేమిటని టీకొట్టు ఆవిడని రోజూ అడిగేవారు. దారిలో ఇరుక్కుపోయి ఉంటాడులే బాబూ అని ఆవిడా రోజూ చెప్పేది.

ఇలాంటి సరుకుని ఊరికే కూర్చోబెట్టడం బేరాలయ్య ఒంటికి పడదు. ముందు తమ్ముడి తలుపు దగ్గర నిలబెట్టి గర్జించమన్నాడు. వచ్చే గిరాకీ జడుసుకుని వెనక్కి పోతుందని ఆయన లెక్క. జనం పిల్లల్ని చంకనేసుకుని ఫొటోలకి వచ్చారు. ఫొటో తీసుకున్నాక ఎలాగూ తలుపు ఎదురుగానే ఉంది కదా అని తమ్ముడి కొట్టులోకి వెళ్లి మంచాలు కొన్నారు. తమ్ముడికి ఇంత సేవ తల్లి కడుపున పుట్టినవాళ్లెవరూ చేసి ఉండరని భార్య లోపలినుంచి అంది.

ఇలా కాదని మర్నాడు అల్లుడుగారిని తమ్ముడి కొట్టులోకే పంపాడు. వాడు హడలిపోవాలి, గట్టి సీను ఏదైనా చెయ్యమన్నాడు.

"ఏ సీను చెయ్యను సార్? హీరో మీద బీరువా తోసేది ఉంది. దానికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు."

సరిగ్గా అప్పుడే బేరాలయ్య ఒక ముక్కాలిపీట దగ్గర నలుగుతున్న బేరంలో ఉన్నాడు. కొనేవాడు మెత్తబడుతున్నాడు. ఆ సమయంలో తల తిప్పితే సరుకు పోతుంది. "ఏదో ఒకటి. వెళ్లు," అన్నాడు.

గోడ అవతల గర్జన వినపడింది. చీమల మాట అయింది. నవ్వు అయింది. తర్వాత ప్లైవుడ్ గోడ మొత్తం అదిరేంత చప్పుడు.

ఆ తర్వాత ఏమీ లేదు. దగ్గు కూడా లేదు.

కాసేపటికి అల్లుడుగారి గొంతు మెల్లిగా వినపడింది. "సార్, సీను అయిపోయింది. లేవండి." మళ్లీ కొంచెం ఆగి, "ఇప్పుడు అందరూ లేచి టీకి వెళ్తారు సార్. మీరు లేవాలి."

పీట, బేరం, కొనేవాడు అన్నీ అక్కడే వదిలేసి బేరాలయ్య పరిగెత్తాడు. తొందరలో తన గుమ్మానికి తనే తల బాదుకున్నాడు. ఆ గుమ్మం కట్టించాక ఆయనకి అదే మొదటిసారి.

పాతకాలపు టేకు బీరువా తమ్ముడి కాలు మీద పడి ఉంది. తమ్ముడి మొహం సున్నం కొట్టినట్టుంది. అల్లుడుగారు బీరువా మీద ఒక చెయ్యి వేసి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు మళ్లీ మళ్లీ తీస్తున్నారు.

"ఇది థర్మోకోల్ కాదు సార్," అన్నారు. సినిమా గొంతు పోయింది. "ఇంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు."

చెప్పాల్సినవాడు పక్కనే నిలబడి నుదురు రుద్దుకుంటున్నాడు.

"నేను పట్టుకుంటాను. మీరు లాగండి," అని అల్లుడుగారు వంగి బీరువా ఎత్తారు. ఆ చేతులు చేసింది థర్మోకోల్ ఎత్తడానికి. మోచేతి దగ్గర ఏదో పుటుక్కుమంది. ఆ చెయ్యి వేలాడిపోయినా, బేరాలయ్య తమ్ముణ్ణి పూర్తిగా బయటకు లాగేదాకా ఆయన రెండో చేత్తో బీరువాని వదల్లేదు.

కాలి ఎముక విరిగింది. కట్టు కట్టారు. మర్నాడు పొద్దున తమ్ముడు తన కొట్టు ముందు కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంటే వీధి అంతా చుట్టూ చేరింది. ఇంత ప్రమాదం ఇంకెవరికీ జరగకూడదు, దీన్ని తుక్కు కింద ముక్కలు చేయించాలని మరదలు పట్టుబట్టింది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. తుక్కు బండి వచ్చి నిలబడింది.

నిన్ను పంపిందెవరని మందుల షాపాయన అల్లుడుగారిని నిలదీశాడు.

"ఇదంతా నేనొక్కణ్ణే చేశాను. నా వెనక ఎవరూ లేరు," అన్నారు అల్లుడుగారు.

అది సినిమాలో డైలాగే. బేరాలయ్య ఆ సినిమా చూశాడు. కానీ అందులో ఛాతీ చరుచుకుని చెప్పిన మాటని ఇప్పుడు తల దించుకుని చెప్పారు. అలవాటుగా అన్నారో, తనని కాయడానికి అన్నారో బేరాలయ్యకి అంతుపట్టలేదు.

ఆయన బుర్ర మాత్రం ఊరుకోదు కదా. విలన్ తుక్కైపోతే సాక్ష్యం పోతుంది. కాలు విరిగినవాడు కొట్టు నడపలేడు, ఇవాళ కాకపోతే రేపు అమ్ముతాడు. తలుపుతో సహా వస్తుంది. ఎటునుంచి కూడినా లాభమే. జీవితంలో ఇంత చక్కటి బేరం ఎప్పుడూ తగల్లేదు. చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం.

అల్లుడుగారు ఎవరూ పట్టుకోకుండానే బండి దగ్గరికి నడిచారు. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ముక్కలు చేశాక నేను కూడా లేవను కదా సార్?" అని బేరాలయ్యని అడిగారు. భయపడి అడిగినట్టు లేదు. కొత్తగా నేర్చుకున్న పాఠం సరిచూసుకుంటున్నట్టుంది.

బేరాలయ్య భార్య వైపు చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఇప్పుడు ఏమీ అనలేదు. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

"ఆగండి," అన్నాడు. "దాన్ని పంపింది నేను. దానికి బరువు తెలియదని నాకు ముందే చెప్పారు. నేనే చెవిన పెట్టలేదు. మా తమ్ముడు కొట్టు వదిలి పోవాలని పంపాను."

నేల వైపు చూస్తూ నిలబడ్డ బేరాలయ్యకి ఠంగుమని చప్పుడు వినపడింది. మళ్లీ ఠంగు. అల్లుడుగారు బండి దగ్గరే నిలబడి, బాగున్న చేత్తో తన తొడ మీద చరుస్తున్నారు. ఒంటిచేత్తో చప్పట్లు అలాగే కొట్టాలి మరి.

"చాలా బాగుంది సార్. కానీ నెమ్మదిగా చెప్పారు. వెనకున్నవాళ్లకి వినపడలేదు. ఇంకోసారి చేద్దాం."

"నిజమేనండీ, మాకేమీ వినపడలేదు," అంది టీకొట్టు ఆవిడ వెనకనుంచి.

బేరాలయ్య దిక్కులు చూశాడు. ఒకసారి ఒప్పుకోవడానికే ప్రాణం పోయింది. అదే సరుకు రెండోసారి ఉచితంగా అడుగుతున్నారు.

"చెప్పు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు కుర్చీలోంచి. ఇన్నేళ్ల తర్వాత ఆ పిలుపు. "కొంచెం గట్టిగా చెప్పు. దగ్గేటప్పుడు గొంతు బాగానే లేస్తుందిగా."

బేరాలయ్య వీధి చివరిదాకా వినపడేలా మళ్లీ చెప్పాడు. ఈసారి తలుపు సంగతి కూడా బయటికొచ్చేసింది.

"కొలిచి మరీ తీసుకున్నావు కదా," అన్నాడు తమ్ముడు.

"కొలిచాను."

"మరి తలుపు కనపడలేదా?"

"అప్పుడు టేపు వైపు చూస్తున్నాను," అన్నాడు బేరాలయ్య. తమ్ముడు నవ్వాపుకోలేక, కాలు కదిలి, మూలిగి, మళ్లీ నవ్వాడు. మరదలు నవ్వలేదు. తుక్కు బండివాణ్ణి మాత్రం పొమ్మంది.

కాలు బాగయ్యేదాకా తమ్ముడి కొట్టు బేరాలయ్యే తెరిచాడు, ఊడ్చాడు, అక్కడి సరుకు అమ్మాడు. తన సరుకు కంటే మంచి ధర వచ్చేసరికి కడుపు మండింది, అయినా తెచ్చి మరదలి చేతిలో పెట్టాడు. అల్లుడుగారికి మోచెయ్యి అతికించారు. ఇప్పుడు బరువు మోసే పనంతా ఆయనదే. ఏ వస్తువునైనా ముందు ఒక వేలితో తట్టి, ఇది నిజందేనా సార్ అని అడిగి, అప్పుడు ఎత్తుతారు. గిరాకీ కాళ్లు దూరంగా పెట్టించి మరీ దించుతారు. హీరో గురించి అడగడం మానేశారు.

తమ్ముడు కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, ప్లైవుడ్ గోడకి గుమ్మం కోయిద్దామనుకున్నారు. బేరాలయ్య జేబులోంచి టేపు తీశాడు. తమ్ముడు చెయ్యి చాచాడు.

"నేను కొలుస్తాను అన్నయ్యా."

బేరాలయ్య ఇచ్చేశాడు. తమ్ముడు గోడ పక్కన అల్లుడుగారిని నిటారుగా నిలబెట్టి, ఆయన నెత్తి మీద ఇంకో జానెడు వదిలి, పెన్సిల్‌తో గీత గీశాడు.