కూత మాన్పించిన పెట్టె

నేను ఒక ఇనుప పెట్టెను. ముందువైపు తిప్పే మీటలు మూడు, వెనకవైపు తీగలు దూర్చే కన్నాలు రెండు. నేను మోగను, పాడను, వెలగను. సరిగ్గా పనిచేసినంతకాలం నేను ఉన్నానన్న సంగతే ఎవరికీ తెలియదు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లు ఉంటారట. వాళ్లకు జీతం తక్కువని విన్నాను.

నన్ను చేసినవాడు అలాంటి మనిషే. పేరు కాలేషా. తెనాలిలో చుండూరి రత్నంగారి మైకుల దుకాణంలో మెకానిక్కు. నాటకాలకూ సభలకూ మైకులు అద్దెకిచ్చే దుకాణం అది.

ఒకరోజు నటుడు శోభనాద్రిగారు ఆ దుకాణం మెట్లెక్కి వచ్చారు. ముప్ఫయ్యేళ్లుగా కర్ణుడి వేషం కడుతున్న మనిషి. జబ్బుచేసి లేచాక ఆయన గొంతు సన్నబడింది. మైకు సౌండు పెంచితే గానీ వెనక వరసలకు వినపడదు. పెంచితే మైకు కుయ్యిమని కూస్తుంది. ముందురోజు వేమూరులో పద్యం మధ్యలో అదే జరిగింది. జనం ఈలలు వేశారు.

“ఇక వేషం కట్టను కాలేషా. జనం నా పద్యం వినట్లేదు, మైకు పద్యం వింటున్నారు” అన్నారాయన, నవ్వబోయి నవ్వలేక.

“పదిరోజులు ఆగండి అయ్యగారూ” అన్నాడు కాలేషా.

ఆ పదిరోజులు నాలుగు నెలలయ్యాయి. మైకు ఎన్నిసార్లు కూసినా, ఒకేచోట ఒకే శ్రుతిలో కూస్తోందని కాలేషా పసిగట్టాడు. శోభనాద్రిగారి హార్మోనియం అడిగి తెచ్చుకుని, మైకును పనిగట్టుకుని కూయిస్తూ, ఆ కూత ఏ మెట్టుకు సరిపోతుందో వెతికాడు. ఆ ఒక్క శ్రుతిని కత్తిరించి పారేస్తే మిగతా గొంతంతా హాయిగా పెరుగుతుందని అతని లెక్క. పాత రేడియోల తీగలు విప్పి, చేత్తో చుట్టి, తప్పయితే మళ్లీ విప్పి చుట్టి నన్ను తయారుచేశాడు.

“ఏందయ్యా ఈ గోల? కూత వస్తే సౌండు తగ్గిస్తే పోలా?” అన్నారు రత్నంగారు.

“తగ్గిస్తే ఆయన గొంతు కూడా పోద్ది సార్.”

కొల్లిపరలో నాటకం. కాలేషా చెవి రిక్కించి నా మీటలు తిప్పాడు. శోభనాద్రిగారి పద్యం చివరి వరసదాకా వెళ్లింది. జనం ‘వన్స్ మోర్’ అన్నారు. రత్నంగారి మైకులు భలే ఉన్నాయని కూడా అన్నారు. ఆ మాట రత్నంగారికి బాగా నచ్చింది. వారం తిరిగేసరికి నా నుదుటి మీద ‘రూపకర్త: చుండూరి రత్నం’ అని ఇత్తడి పలక వెలిసింది. దాని స్క్రూలు బిగించింది కాలేషాయే.

ఏడాది తర్వాత ఊరి పెద్దలు రత్నంగారికి సన్మానం పెట్టారు. నన్ను ఆయన తానే మోసుకెళ్లి, అందరూ చూసేలా బల్ల మీద పెట్టి, మీటలన్నీ చివరిదాకా తిప్పారు. ఏ హాలు కూత ఆ హాలుదేననీ, విని తిప్పాలనీ పాపం ఆయనకు తెలియదు. అధ్యక్షులవారు నోరు తెరవగానే మైకు కూసింది. శాలువా కప్పుతుంటే కూసింది. వెనక కుర్చీలో కాలేషా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. అతను అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

అంతలో, సభకు అతిథిగా వచ్చిన శోభనాద్రిగారు పద్యం ఎత్తుకున్నారు. మైకు కూసింది. ఎవరో ఈల వేశారు. ఆయన ముఖం పాలిపోయింది.

కాలేషా ఒళ్లో పొట్టు దులుపుకోకుండానే వేదిక ఎక్కాడు. రెండు మీటలు కొద్దిగా వెనక్కి తిప్పాడు. కూత ఆగింది. దిగబోతుంటే శోభనాద్రిగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

“అయ్యా, ఈ పెట్టె చేసింది ఈయన. నా చేత మళ్లీ వేషం కట్టించింది ఈయన” అన్నారు మైకులో. ఆ మాట హాలంతటికీ స్పష్టంగా వినపడింది. చప్పట్లు కూడా పడ్డాయి, రత్నంగారు శాలువా సర్దుకోవడంలో మునిగిపోయారు.

మర్నాడు పేపర్లో, ‘సభలో మొరాయించిన మైకును ఒక కార్మికుడు బాగుచేశాడు’ అని వచ్చింది. కాలేషా అది చదివి నవ్వి, అదే కాగితం మీద టంకం గిన్నె పెట్టుకున్నాడు. శోభనాద్రిగారు మరో ఆరేళ్లు కర్ణుడి వేషం కట్టారు. కాలేషా లేకుండా ఒక్క నాటకం కూడా ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఆయనా పోయారు, కాలేషా పోయాడు, దుకాణమూ పోయింది. నన్ను విరిగిన హార్నులతో కలిపి గుంటూరులో పాత ఇనుపకొట్టుకు తూచేశారు. ఇత్తడికి గిరాకీ ఎక్కువ కాబట్టి కొట్టువాడు ముందుగా రత్నంగారి పేరు ఊడబీకాడు.

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరమ్మ వచ్చి నన్ను ఏరుకుంది. మూత తీసి, చేత్తో చుట్టిన తీగలను చాలాసేపు చూసింది.

“ఎవరు చేశారండీ దీన్ని?”

“ఏమోనమ్మా, సామానుతో పాటు వచ్చింది” అన్నాడు కొట్టువాడు.

“ఇది పుస్తకం చూసి చేసింది కాదు, విని చేసింది” అందామె తనలో తాను.

ఇప్పుడు ఆమె కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. నా ముందు చిన్న చీటీ ఉంది: ‘తయారుచేసినవారు: తెలియదు.’ నా గురించి మనుషులు రాసినవాటిలో నిజం ఇదొక్కటే.