గేటు పిల్ల కటౌట్

నేను కటౌట్లకు వెదుళ్ళు కడతాను. బొమ్మ గీసేది వేరేవాళ్ళు. నిలబెట్టేది, విప్పేది నేను. రావులపాలెంలో మా హాలు ముందు పెద్ద హీరోలందరినీ నేనే నిలబెట్టాను. డబ్బింగ్ సినిమాకి కట్టింది మాత్రం ఒక్కసారే, 2003 వేసవిలో. అదీ హీరోకి కాదు.

ఆ సినిమా పేరు చుక్కల కోట. మూడు భాగాలు. ఆకాశంలో ఓడలు, మంటల కత్తులు, రాజులు, రాక్షసులు. అందులో రేవులో మూటలు మోసే పిల్ల ఒకతి ఉంది. మొదటి భాగంలో ముసలి గురువు చనిపోతూ తన దగ్గరున్న వెలుగుని హీరోకి ఇవ్వలేదు, ఆ పిల్ల అరచేతిలో పెట్టాడు. రెండో భాగం చివర అందరూ ఓడలెక్కి పారిపోతుంటే, శత్రువులు వెంటపడకుండా ఆ పిల్ల కోట గేటు లోపలి నుంచి వేసేసింది. లోపల ఒంటికన్ను సేనాపతి, వాడి సైన్యం. ఎదురుగా తనొక్కతే. చెయ్యెత్తింది. వేళ్ళ చివర వెలుగొచ్చింది. అక్కడితో ఆపేశారు. ఆమె పేరు ఎవరికీ నోరు తిరగలేదు. గేటు పిల్ల అనేవారు.

బుల్లెమ్మ హాలు గుమ్మం పక్కన పూలు అమ్ముతుంది. సినిమాలు చూసే మనిషి కాదు. ఓ వానరోజు మేనేజరు జగన్నాథరావు గారు లోపల కూర్చోమంటే మొదటి భాగం చూసింది. రెండోది వచ్చాక, ఆడినన్నాళ్ళూ చూసింది. మూడోది వస్తోందని తెలియగానే నా దగ్గరకొచ్చింది.

"అన్నయ్యా, గేటు పిల్లకి కటౌట్ కట్టాలి."

"హీరోకి కడతారు."

"హీరోకి వాళ్ళ దేశంలో కట్టుకుంటార్లే. నువ్వు దీనికి కట్టు."

అరటి మార్కెట్లో పనిచేసే ఆడవాళ్ళు తలో చెయ్యి వేశారు. బొమ్మ జోగేశ్వరరావు గీశాడు. పేపర్లో పడిన తపాలాబిళ్ళంత ఫొటో చూసి ఇరవై అడుగుల మనిషిని దించాడు. నుదుట బొట్టు కూడా పెట్టేశాడు. ఇదేంటయ్యా అంటే, "చేతి అలవాటండి, పడిపోయింది" అన్నాడు.

"ఉండనీ, బాగుంది" అంది బుల్లెమ్మ.

ఎత్తిన చెయ్యి వేరే చెక్క. గాలికి ఊగకుండా దాని వెనక అడ్డవెదుళ్ళు వేశాను. శుక్రవారం పొద్దున బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. టిక్కెట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ బుల్లెమ్మ చెప్పింది, గేటు వెనక ఏం జరిగిందో ఇవాళ తెలుస్తుందని.

మార్నింగ్ షో వదిలారు. కాలేజీ కుర్రాడు గణేష్‌బాబు తన జట్టుతో నవ్వుకుంటూ బయటకొచ్చాడు.

"బుల్లెమ్మత్తా! మీ పిల్ల ఉందిలే. ఆఖర్న హీరోకి పట్టాభిషేకం చేస్తుంటే జనంలో నిలబడి చప్పట్లు కొట్టింది."

"గేటు సంగతి?"

"గేటూ లేదు, గీటూ లేదు. ఒక్క డైలాగు లేదు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టిందత్తా!"

జట్టంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళ వెనకే వచ్చిన మార్కెట్ ఆడవాళ్ళు బుల్లెమ్మ మొహం చూడకుండా వెళ్ళిపోయారు.

మేనేజరు గారు నా దగ్గరకొచ్చారు. "ఏవయ్యా, దాన్ని దింపెయ్. దీన్ని చూసి టిక్కెట్టు కొన్నవాళ్ళు బయటకొచ్చి నా మీద పడతారు."

"సినిమా ఎత్తేశాకే విప్పుతానండి. ఏ కటౌటైనా అంతే."

"కటౌటేంటయ్యా? సినిమాలో లేని మనిషి!"

సినిమా ఆడుతుండగా కటౌట్ దించితే ఆ హీరో పరువు పోయినట్టు. ఇక్కడ పోయేది బుల్లెమ్మ పరువు. రోజూ ఆ గుమ్మం ముందే కూర్చోవాలి ఆవిడ. నేను ఆవిడ వైపు చూశాను. కట్టమన్నది ఆవిడ. విప్పమంటే ఆవిడే అనాలి.

బుల్లెమ్మ పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పింది. "ముందు నన్ను చూసి రానివ్వండి" అని మ్యాట్నీకి వెళ్ళింది.

బుట్ట దగ్గర నేను కూర్చున్నాను. మూర తక్కువ కొలిచానని ఒకావిడ నన్ను తిట్టింది.

మ్యాట్నీ వదిలేసరికి గణేష్‌బాబు జట్టు సోడాబండి దగ్గర కాసుకుని ఉన్నారు.

"ఏంటత్తా, విన్నారా చప్పట్లు?"

"విన్నాను. ఒకటి చెప్పు నాయనా. లోపలి నుంచి గేటేసుకున్న మనిషి పట్టాభిషేకానికి ఎలా వచ్చింది?"

"తప్పించుకునుంటుంది."

"ఎవర్ని? లోపలున్న సైన్యం ఇందులో ఎక్కడైనా కనపడిందా నీకు?"

గణేష్‌బాబు సోడా పట్టుకుని ఆలోచించాడు. "లేదు."

"ఆ ఒంటికన్నువాడు?"

"వాడూ లేడు."

"హీరో కోట మీదకెళ్తే అడ్డం ఒక్కడు లేడు. దారంతా ఎవరు ఊడ్చిపెట్టారు?"

"తీసినవాళ్ళు మర్చిపోయారత్తా. అంతే."

"వాళ్ళు మర్చిపోతే నువ్వూ మర్చిపోతావా? చెయ్యెత్తడం చూశావుగా. దించడం చూశావా?"

జట్టులో ఒకడు అత్త చెప్పింది నిజమేరా అన్నాడు. ఇంకొకడు కాదన్నాడు. సేనాపతి ఒకచోట కనపడ్డాడని ఇంకెవరో అన్నారు. లేడని పందెం. తేల్చుకోవడానికి ఇద్దరు ఫస్ట్ షో టిక్కెట్ల వరుసలో నిలబడ్డారు. మేనేజరు గారు వరుసని చూశారు, కటౌట్‌ని చూశారు.

"ఉండనీలే" అన్నారు నాతో.

బుల్లెమ్మ బుట్ట మీద గుడ్డ తీసి తన చోట కూర్చుంది.

సినిమా రెండో శుక్రవారానికి ఎత్తేశారు. అప్పుడు విప్పాను. కింద తాడు పట్టుకోవడానికి గణేష్‌బాబు తనంతట తనే వచ్చాడు.

"అత్తా, నాకో అనుమానం. ఆ సేనాపతిని చంపుండదు. తన వైపు తిప్పుకునుంటుంది."

"వాడెందుకు తిరుగుతాడు? మొదటి భాగంలో వాడికి రెండు కళ్ళూ ఉన్నాయి. రెండోదానికి ఒకటే. ఆ కన్ను పోగొట్టింది ఎవరనుకున్నావు?"

గణేష్‌బాబు తాడు సంగతి మర్చిపోయి ఆవిడ వైపు తిరిగాడు. పైన చెక్క కదిలింది.

"తాడు పట్టుకోవయ్యా" అన్నాను.