గొలుసు తెగిన పదకొండో నిమిషం

రికార్డింగ్‌కి ఇంకా పది నిమిషాలున్నాయి. హాల్లో అరవై కుర్చీలూ నిండిపోయాయి. తెర వెనక అక్క డ్రమ్ముల బిగింపులు సరిచూసుకుంటోంది. తమ్ముడు గిటారు మెడలో వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, ముందే చెప్తున్నా. విహార ఓడలో వాయించే బ్యాండు వాళ్లు పిలిచారు. రేపు ఎక్కేస్తున్నా."

"మనిద్దరి బ్యాండు సంగతేంట్రా?"

"ఇద్దరిదెక్కడ? పదేళ్లుగా నువ్వు వాయిస్తున్నావు, నేను నీ వెనక పరిగెడుతున్నాను. నా చేతిలో గిటారున్నా, చీపురున్నా నీకొకటే."

"చీపురే నయం. ఇల్లయినా శుభ్రపడుతుంది."

తమ్ముడు నవ్వలేదు. "ఇవాళ ఒక్కసారైనా నేను వాయించేది విన్నావనిపిస్తే ఉంటాను. లేకపోతే లేదు."

ఆమె బిగింపులు వదిలి తలెత్తింది. వాడు అన్నాడంటే చేస్తాడు.

వాళ్ల జాజ్ పద్ధతి ఒకటే. పాట ముందుగా అనుకోరు, రిహార్సల్ చేయరు. ఒకరు మొదలుపెడితే రెండోవారు అందుకోవాలి. నలభై నిమిషాలు ఆపకుండా వాయిస్తారు, అదే రికార్డు. మధ్యలో మాట్లాడినా, వాయించడం మానేసినా చెత్తబుట్టలోకే. అద్దాల గదిలో రికార్డింగ్ చూసేది ఆమె భర్త. ఆయన బొటనవేలు పైకెత్తాడు.

పది నిమిషాలు బండి సాఫీగానే నడిచింది. పదకొండో నిమిషంలో ఆమె కుడికాలి కింద టప్‌మంది. పెద్ద డ్రమ్మును కొట్టే పెడల్ గొలుసు తెగింది. కాలు గాలిలో తొక్కుతోంది, డ్రమ్ము పలకడం లేదు.

ఏదైనా చెడితే చేతులతో రెట్టింపు మోత పుట్టించి కప్పేయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇప్పుడూ అదే చేసింది. కళ్లు మూసుకుని వాయిస్తున్న తమ్ముడికి గొలుసు సంగతి తెలియదు. అక్క మళ్లీ తన గిటారును ముంచేస్తోందనుకున్నాడు. దవడ బిగించి శబ్దం తగ్గించుకున్నాడు. ఒక్కొక్క వేలూ తీగ మీంచి లేచిపోతోంది.

నోరు తెరిచి గొలుసు తెగిందని చెప్తే రికార్డు పోతుంది. ఇలాగే బాదితే తమ్ముడు పోతాడు.

డ్రమ్ము కర్రలు రెండూ ఒళ్లో పెట్టేసింది.

గిటారు కూడా ఆగింది, హాలు నిశ్శబ్దమైపోయింది. ఎవరో దగ్గారు. అద్దాల గదిలో భర్త కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె అరచేతులు దురద పెడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... ఐదు క్షణాలు.

తమ్ముడు కళ్లు తెరిచాడు. అక్క ఒళ్లోని కర్రలు చూశాడు. వేలాడుతున్న గొలుసు చూశాడు. లావు తీగను ఒక్కసారి మీటి ఆగాడు. అక్క కదల్లేదు. మళ్లీ మీటాడు. పెద్ద డ్రమ్ము మోగాల్సిన చోటే, కానీ ఓ పిసరు ఆలస్యంగా. తానైతే చచ్చినా ఆ దెబ్బ అక్కడ వేసేది కాదు, అనుకుంది అక్క. అయినా బాగుంది. ఆమె వేలి కొనలతో తాళంలా మోగే ఇత్తడి పళ్లెం అంచు తట్టింది. వాడు ఎటు తిరిగితే అటు తిరిగింది. మిగిలిన అరగంటా అలాగే వెళ్లింది.

చప్పట్లు అయ్యాక భర్త పరిగెత్తుకొచ్చాడు. "ఆ ఐదు క్షణాల ఖాళీ కోసేద్దాం. ఎవరికీ తెలియదు."

"దాని మీద కత్తెర పడిందో, బావా, తర్వాత కోసేది నీ మీసమే!" అన్నాడు తమ్ముడు.

అక్క ధైర్యం చేసి అడిగింది. "మరి ఓడ?"

"గొలుసు తెగకపోతే విని ఉండేదానివా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది. "ఉండేదాన్ని కాదురా."

వాడు గిటారు మెడలోంచి తీసి పక్కన పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి ఓడ మేనేజరుకు కలిపాడు.

"రాలేనండీ... అబ్బే, ఒంట్లో బాగానే ఉంది. మా అక్కకి ఇవాళే చెవులొచ్చాయి. కొన్నాళ్లు దగ్గరుండి చూసుకోవాలి."