ఎడమ దవడపన్ను

సాయిదుర్గకి ఆరేళ్లు దాటాక వచ్చిన కింది దవడపళ్లు రెండూ మొదటినుంచీ బెల్లం రంగులోనే ఉన్నాయి. జంతిక కొరికినా పెళ్లలు రాలేవి. పాలపళ్లేగదా, ఊడి కొత్తవి వస్తాయనుకున్నారు ఇంట్లో. తొమ్మిదో ఏడు వచ్చేసరికి ఆ పిల్ల చన్నీళ్లు పుక్కిట పట్టలేకపోయింది. తల్లి విజయ చారులో మెతుకులు పిసికి పెడితే మింగేది.

అల్లవరంలోని ఆ ఇంట్లో విజయ, కూతురు, అత్తగారు వీరాయమ్మ ఉంటారు. భర్త వీరబాబు మస్కట్‌లో డ్రైవరు. ఒక పొద్దున్న పిల్లకి కుడి బుగ్గ వాచి, ఒళ్లు కాలిపోతుంటే విజయ ఆటో ఎక్కించి అమలాపురం తీసుకెళ్లింది.

పళ్ల డాక్టరు అక్షయ ఎక్స్‌రే తీసి చూసింది.

“ఇవి పాలపళ్లు కాదండి. పోతే మళ్లీ రావు.”

అవి చిగురులో ఉన్నప్పుడే బలంలేకుండా తయారయ్యాయని, ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పింది. కుడిది లోపలంతా పుచ్చిపోయింది. ఎడమది కూడా ఎన్నాళ్లో నిలవదు. వాటి వెనక పళ్లు ఇంకా చిగురు కిందే ఉన్నాయి కాబట్టి, ఇప్పుడే రెండూ తీసేస్తే అవి ముందుకు జరిగి ఆ ఖాళీలో మొలుస్తాయంది. అవి పైకొచ్చేశాక తీస్తే మాత్రం ఖాళీలోకి ఒరిగిపోతాయంది.

“తప్పకుండా జరుగుతాయాండి?”

“చాలామందికి జరుగుతాయండి. ఖాయమని మాత్రం చెప్పలేను.”

విజయ బయటికొచ్చి భర్తకి ఫోన్ చేసింది. వాచిన పన్ను తీయించమన్నాడు. “రెండోది నేనొచ్చేదాకా ముట్టుకోనివ్వకు,” అన్నాడు. కొడుకు చెప్పగా విని వీరాయమ్మ ఇంటినుంచి ఫోన్ చేసి, దవడపన్ను పీకితే కంటినరం దెబ్బతింటుందని ఏడ్చింది. ఆవిడకి మనవరాలంటే ప్రాణం.

సాయిదుర్గ తల్లి కొంగు పట్టుకుంది. “రెండూ తీయించెయ్యమ్మా. నాకు భయం లేదు.”

విజయకే భయం. వెనకపన్ను ముందుకు జరగకపోతే జీవితాంతం ఎవరికి జవాబు చెప్పాలి? మందులు వాడి, జ్వరం తగ్గాక కుడిపన్ను ఒక్కటే తీయించింది. ఎడమదానికి సిమెంటు పెట్టించింది.

ఆ సిమెంటు నిలవలేదు. పెట్టించిన ప్రతిసారీ ఊడేది. ఇంకా సమయం ఉందండీ, తీసేద్దామని డాక్టరు చెబుతూనే ఉంది. వీరబాబుకి సెలవు దొరకలేదు. ఒకసారి విజయ ఎవరికీ చెప్పకుండా పిల్లతో బస్టాపుదాకా వెళ్లింది. వీరాయమ్మ వెనకాలే వచ్చి, ఎండలో నేలమీద కూర్చుండిపోయింది.

“పిల్ల కళ్లు పోతే పూచీ ఎవరిదే?”

బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. విజయ ఎక్కలేకపోయింది.

పన్నెండేళ్లు దాటాక ఎడమ బుగ్గ కూడా వాచింది. పిల్ల నోరు తెరవలేకపోతుంటే ఇంక ఎవరినీ అడగకుండా తీసుకెళ్లి ఆ పన్ను తీయించింది. అప్పటికే దాని వెనక పన్ను తన చోటులో తాను పైకొచ్చేసింది.

కళ్లకేం కాలేదు. కుడివైపు వెనకపన్ను ముందుకు జరిగి, అక్కడో పన్ను పోయిందంటే నమ్మలేనట్టు మొలిచింది. ఎడమవైపు మాత్రం వెనకది నెలనెలకీ ఖాళీలోకి వాలసాగింది. పైపన్ను కిందికి దిగసాగింది. తిన్నదంతా ఆ సందులో ఇరుక్కునేది. విజయ రోజూ ఫోను లైటు వేసి చూసేది. ఒకనాడు ఆ ఒరిగిన పన్నుని వేలితో వెనక్కి నెట్టబోయింది. మెల్లగా మొదలుపెట్టి, పళ్లు బిగించి నెడుతూనే ఉంది.

“నొప్పమ్మా,” అని పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది. విజయ పిల్ల చేతిలోనే మొహం దాచుకుని ఏడ్చింది.

మరుసటి ఏడు వీరబాబు వచ్చేడు. కూతురి నోట్లోకి చాలాసేపు చూసేడు. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. “అప్పుడే రెండూ తీయించేయాల్సింది,” అన్నాడు నెమ్మదిగా. వీరాయమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు విజయ, వీరబాబు పిల్లని తీసుకుని అమలాపురం వెళ్లేరు. తీగలు కట్టి ఒరిగిన పన్నుని నిలబెట్టి చూడొచ్చని, ఏడాది పైనే పడుతుందని, కుడివైపంత చక్కగా రాకపోవచ్చని అక్షయ చెప్పింది. వీరబాబు ఏదో అడగబోయేడు.

“మొదలెట్టండి,” అంది విజయ.