ఎనిమిది నట్లు, పసుపు చుక్కలు

ఇంజిన్ నంబరు చూడాలి. మామూలు నంబరే ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. సిలిండర్ల వెడల్పు కొలవాలి. గాలి లోపలికి పోయే దారుల్లో వేలు పెట్టాలి, అద్దంలా నున్నగా తగలాలి. పిస్టన్లకి తగిలించిన కనెక్టింగ్ రాడ్ల అంచులు అరగదీసి ఉన్నాయేమో చూడాలి. కింద ఆయిల్ తొట్టి విప్పించాలి. ఆఖరున రాడ్ల నట్ల మీద రంగు చూడాలి. ఏ రంగో చూడాలి.

కావెంట్రీలోని వృద్ధుల ఆశ్రమంలో మంచం మీద నుంచి సిరిల్ ప్యాచెట్ ఈ ఆరు పనులూ చెబుతుంటే, కూతురు గ్లెనిస్ పాత కవరు వెనక రాసుకుంది. ఎనభై ఒక్కేళ్ళ సిరిల్‌కి ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకోవాల్సి వస్తోంది.

"ఆరోది మర్చిపోకు అమ్మాయ్. మిగతా అయిదూ నీకెలాగూ వచ్చు."

"ఆరోదాని కోసమే వెళ్తున్నా నాన్నా. మర్చిపోతానా?"

సిరిల్ కాసిల్‌బీ కార్ల ఫ్యాక్టరీలో, పందెం కార్ల షెడ్డులో ఫిట్టరు. రోడ్డు కార్ల ఇంజిన్‌నే తెచ్చి, అరగదీసి, సానబెట్టి, రెట్టింపు బలం వచ్చేలా తిరిగి కట్టేవాళ్ళు. నట్టు బిగించినవాడు దాని మీద తన రంగు చుక్క పెట్టాలి, అదీ ఆ షెడ్డు పద్ధతి. మరొకరు విప్పి మళ్ళీ బిగిస్తే పాత చుక్క తుడిచి తన చుక్క పెట్టాలి. సిరిల్‌ది పసుపు. ఫోర్‌మన్ స్టబ్స్‌ది ఎరుపు.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది ఆగస్టులో, కొండ మీదికి కార్లు తోలే పందెంలో, రెండో మలుపు దగ్గర రాడ్ విరిగి ఇంజిన్ పక్క చీల్చుకుని బయటికొచ్చింది. చక్రాలు బిగుసుకుపోయి కారు చెట్టుకు కొట్టుకుంది. తోలిన పియర్స్ లాంగ్లీ, ఇరవై నాలుగేళ్ళవాడు, అక్కడే పోయాడు. విచారణాధికారి చీలికలోంచి లోపలికి టార్చి వేసి చూసి, రాడ్ నట్టు సరిగా బిగించలేదని తేల్చాడు. పేపర్లో సిరిల్ పేరు పడింది.

"ఎనిమిది నట్లూ నేనే బిగించాను. పందెం ముందు శనివారం స్టబ్స్ వాటిని విప్పి మళ్ళీ బిగించాడు, నా కళ్ళతో చూశాను" అన్నాడు సిరిల్. విప్పలేదన్నాడు స్టబ్స్. తొట్టి విప్పి రంగు చూస్తే తేలిపోయేది; ఎరుపు ఉంటే సిరిల్ మాటే నిజం. కానీ పియర్స్ తల్లి ఆ సాయంత్రమే కారుని తమ కొట్టాంలోకి లాగించుకుని, టార్పాలిన్ కప్పేసి, బతికున్నన్నాళ్ళూ ఎవర్నీ అంచు ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత సిరిల్‌కి ఎవరూ ఇంజిన్ అప్పజెప్పలేదు. గడ్డి కోసే మిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు. తొమ్మిదేళ్ళ గ్లెనిస్‌ని బళ్ళో పిల్లలు అడిగేవారు: "ఏమే, మీ నాన్న ఇవాళ నట్లు లెక్కపెట్టుకున్నాడా?"

వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది గ్లెనిస్ ఒక్కతే. ఇంజినీరింగు చదివింది. ఏ ఇంజిన్ అసలుదో, ఏది కాదో తేల్చి రిజిస్టరు రాయడం కాసిల్‌బీ యజమానుల సంఘంలో ఇప్పుడామె పని. ప్రమాదమైన నలభై ఏళ్ళ తర్వాత పియర్స్ తల్లి పోయి, కొట్టాం అమ్ముడై, ఆ కారు డెస్మండ్ ఫెయిర్‌బ్రదర్ అనే రిటైరైన పళ్ళ డాక్టరు చేతికొచ్చింది. ఇందులో ఉన్నది పందెం ఇంజినా కాదా చూసి చెప్పమని ఆయనే సంఘానికి రాశాడు.

గ్లెనిస్ జవాబు రాసింది. రంగు సంగతి మాత్రం రాయలేదు. వెతుకుతున్నదేదో ముందే చెబితే ఎదుటివాళ్ళు అదే చూపిస్తారని కాలేజీలో నేర్పారు. "తొట్టి విప్పి ఉంచండి. నంబర్లూ గుర్తులూ స్పష్టంగా కనిపించాలి" అని మాత్రం రాసింది. రెండుసార్లు చదువుకుని, సరిగ్గా ఉందనుకుని పోస్టు చేసింది.

డెస్మండ్ గ్యారేజీ ఆయన క్లినిక్కులాగే ఉంది. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద ఇంజిన్.

"రండి రండి గ్లెనిస్ గారూ! టీ తాగుతారా, ముందు రోగిని చూస్తారా?"

"ముందు రోగినే."

నంబరు మామూలుదే. వెడల్పు కొలిస్తే పందెం కొలత. వేలు లోపలికి పోనిచ్చింది. అద్దం. అక్కడ తండ్రి చేయి తగిలినట్టే ఉంది ఆమెకి. కిందకి వంగి రాడ్లకేసి చూసింది. ఎనిమిది నట్లూ కొత్త వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"ఇదేంటండీ, ఇంత శుభ్రంగా..." అంది.

"వేడి సోడా తొట్లో రెండు రాత్రులు నానబెట్టించాను! నలభై ఏళ్ళ పాచి, పళ్ళకైనా అంత పట్టదు. గుర్తులు స్పష్టంగా ఉండాలన్నారు కదా మీరు. పైగా మీ చేతులు మురికవుతాయని కూడా." ఆయన మొహం వెలిగిపోతోంది.

"కడగకముందు నట్ల మీద రంగేమైనా ఉందా?"

"రంగా? ఏవో చుక్కలుండేవి. ఎవడో పెయింటు చిందించాడేమో అనుకున్నా."

"ఏ రంగు?"

"అయ్యో, గుర్తు లేదే! ముఖ్యమైనవా అవి?"

గ్లెనిస్ భూతద్దం తీసింది. ఒక్కో నట్టు అంచూ, ఒక్కో మరా వెతికింది. విరిగిన రాడ్ నట్టు మరలో సూదిమొనంత మరక దొరికింది. ఎరుపో, తుప్పో. ఎంతసేపు చూసినా ఎరుపో, తుప్పో. తన చేత్తో రాసిన ఉత్తరమే తండ్రి సాక్ష్యాన్ని కడిగేసింది.

"ఇది పందెం ఇంజినే. నిజమైనదే" అంది. డెస్మండ్ చప్పట్లు కొట్టాడు.

ఆశ్రమం చేరేసరికి సిరిల్ తలగడలకి ఆనుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. ఎరుపు ఉందని చెప్పేద్దామని కారులో దారంతా అనుకుంటూ వచ్చింది. తీరా, ఆరో పని పక్కన ఖాళీగా ఉన్న కవరే ఆయన చేతిలో పెట్టింది.

"కడిగేశారా?" అన్నాడాయన.

ఆమె తలూపింది. "నా వల్లే నాన్నా. గుర్తులు స్పష్టంగా ఉండాలని రాశాను. రంగు అని రాసి ఉంటే..."

"ఊరుకో. చూడ్డానికి మనిషొస్తోందంటే ఇంజిన్ కడగనివాడు ఫిట్టరేనా? నేనైనా కడిగేవాణ్ణే." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "లోపలి దారులు ఎలా ఉన్నాయి?"

"అద్దంలా ఉన్నాయి."

"ఉంటాయి." ఆ తర్వాత గోడ వైపు తిరిగాడు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. పదకొండో రోజున పోయాడు.

రిజిస్టరులో 'కట్టినవారు' అన్న గడిలో గ్లెనిస్ సిరిల్ ప్యాచెట్ అని రాసింది. కింద 'చరిత్ర' అన్న గడిలో విచారణ తీర్పు రాయాలి. సంఘం నియమం అది. పెన్ను పట్టుకుని ఆ మధ్యాహ్నమంతా కూర్చుంది. కాదని రాయడానికి రుజువు లేదు. నట్టు సరిగా బిగించలేదని, తీర్పులో ఉన్న మాటల్నే, తన చేత్తోనే రాసింది.

ఆ కారు ఇప్పుడు బాగుపడి, వేసవి ప్రదర్శనల్లో బోనెట్ ఎత్తుకుని నిలబడుతోంది. మీరు అటు వెళ్తే పక్కనున్న అట్ట మీద రిజిస్టరులోని ఆ వాక్యమే చదువుతారు. చదవండి. చదివాక, ఎనిమిది నట్లూ నేనే బిగించానని, తర్వాత స్టబ్స్ విప్పాడని నలభై ఏళ్ళు చెబుతూ వచ్చి, ఆ చుక్కల రంగు తేలకుండానే పోయిన సిరిల్ ప్యాచెట్‌ని ఒక్కసారి తలుచుకోండి.